ప్రసంగం వెనకవైపు

కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. వెండల్ ఊరి పాదిరి పెన్నక్ గారు పోయి ఐదు వారాలైంది. ఆయన ఉన్నన్నాళ్లూ చర్చి పక్క ఇల్లు ఆయనది. ఇప్పుడది కొత్తగా వచ్చే పాదిరిది. ఆ వచ్చేదెవరో తేల్చే హక్కు మిట్టమీది మేడలో ఉండే సర్ లాంబర్ట్ క్రే ఒక్కడికే ఉంది. ఆయన పెన్నక్ గారి చిన్నకొడుకు ఆంబ్రోస్‌ని కూర్చోబెడితే తల్లీ, పెళ్లికాని ఇద్దరు అక్కలూ ఉన్నచోటే ఉంటారు. ఇంకెవరినైనా తెస్తే నెల తిరక్కుండా పెట్టెలు సర్దుకోవాలి. ఆ ఇద్దరిలో చిన్నది హెస్టర్. ఇంగ్లండంతా తర్వాత మూడు తరాలపాటు దీపాలు పెట్టుకుని చదివిన నవలలు ఆమెవే గాని, అప్పటికి అచ్చయింది ఒక్కటే, అదీ పేరు లేకుండా. ఆ సంగతి పెద్దక్క డోర్కస్‌కి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

మంగళవారం పొద్దున్న హెస్టర్ తండ్రి గదిలో బీరువా తెరిచి, రెండు చేతులూ లోపల పెట్టి, అలాగే బిగుసుకుపోయింది. మనం ఆపింది అక్కడే.

"ఏం పోయింది?" అంది డోర్కస్ వెనకనుంచి.

డోర్కస్‌కి నలభై ఏళ్లు. పదిహేనో ఏటనుంచి ఇంటి తాళాలు ఆమె నడుముకే ఉన్నాయి. ఎవరైనా కష్టం చెప్పుకుంటే అయ్యో అనేముందు, ఇందులో పోయేదెంత, మిగుల్చుకోగలిగేదెంత అని చూసే మనిషి. రాతిగుండె అని ఊళ్లో అంటారు. ఆ గుండె లేకపోతే ఆ ఇల్లు ఎప్పుడో కూలేదని ఇంట్లోవాళ్లకి తెలుసు.

"యోసేపు కట్ట లేదక్కా."

"ఆదివారం ఆంబ్రోస్ చదివింది అదేగా. నాన్నగారి ప్రసంగాలు వాడు చదవక ఇంకెవరు చదువుతారు? వాడికి సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే నాలుగు రోజులు జ్వరం."

"దాని వెనకవైపు నా ఎనిమిదో అధ్యాయం ఉంది."

డోర్కస్ తలుపు మూసి, గడియ పెట్టింది.

కాగితం ఆ రోజుల్లో వెన్నకంటే ప్రియం. పెన్నక్ గారు నలభై ఏళ్లు ప్రసంగాలు రాశారు, ఎప్పుడూ ఒకవైపే రాశారు. ఇక ఎవరూ చదవని పాతవి, ఏదో యుద్ధంనాటివి, ఏదో కరువునాటివి తీసుకుని హెస్టర్ వెనకవైపు తన కథ రాసుకునేది. పూర్తయ్యాక మంచి కాగితం మీదికి ఎత్తి రాసేది. ఆ ఏర్పాటు డోర్కస్ చేసిందే. ఖర్చు లేదు, ఎవరికీ అనుమానం రాదు. ఎప్పుడు ఎవరు బీరువా తెరిచినా కనిపించేది పైనున్న దేవుడి మాటే. పన్నెండేళ్లుగా నడిచిన పద్ధతి అది.

"యోసేపు ప్రసంగం ఎందుకు తీశావు? బాగున్నదాన్ని ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"నాన్నగారు దాన్ని ఒక్కసారే చదివారక్కా. టోబీని పంపించేసిన ఏడాది. తమ్ముణ్ణి గోతిలో పడేసి, చచ్చిపోయాడని ఇంటికొచ్చి చెప్పిన అన్నల కథ. గొంతు పట్టేసి మధ్యలో ఆపేశారట. మళ్లీ ముట్టుకోలేదు. ఇక ఎవరూ ముట్టుకోరనుకున్నాను."

టోబీ పేరు ఆ ఇంట్లో తలుపులు వేసుకుంటే తప్ప రాదు. డోర్కస్ తర్వాత పుట్టినవాడు, హెస్టర్‌కీ ఆంబ్రోస్‌కీ అన్న. మూర్ఛలు. తొమ్మిదో ఏట తొమ్మిది మైళ్ల అవతల హాబ్లీలో జడ్ అనే రైతు ఇంటికి పంపారు, అక్కడే ఉండిపోయాడు. ఊళ్లో అందరూ చిన్నప్పుడే పోయాడనుకుంటారు. పోయాడని పెన్నక్ వాళ్లు ఎన్నడూ అనలేదు. అనుకున్నవాళ్లను దిద్దనూ లేదు.

ఎవరో తలుపు తట్టారు. డోర్కస్ గడియ తీస్తే ఆంబ్రోస్ లోపలికొచ్చాడు. ముప్పై ఏళ్లు, చక్కని ముఖం, చేతిలో వెన్న రాసిన రొట్టె.

"గడియ పెట్టుకుని కూర్చున్నారేమిటి? అమ్మ టీ అడుగుతోంది."

"యోసేపు కట్ట ఎక్కడ?" అంది డోర్కస్.

వాడి ముఖం వెలిగింది. "చెబుదామనే వచ్చాను. మేడనుంచి పెద్ద దొరసాని నిన్న మనిషిని పంపింది. ప్రసంగం చాలా బాగుందట, ఇంటిదగ్గర చదువుకుంటాను పంపమంది. నా గొంతు చెవుల్లో ఇంకా మోగుతోందందట."

"ఆవిడకి చెవిలో అరిస్తే తప్ప వినపడదు," అంది హెస్టర్.

"అందుకేగా కాగితాలు అడిగింది. అక్కా, ఇది మంచి శకునం. పోయినేడు పక్క ఊరి చర్చి పదవి ఇచ్చినవాడి ప్రసంగం కూడా ఇలాగే తెప్పించుకుందట."

"వెనక్కి తిప్పి చూశావా?"

"దేన్ని?"

"కాగితాన్ని."

"చదివేది ముందువైపేగా," అన్నాడు ఆంబ్రోస్. అక్కలిద్దరి ముఖాలూ చూసి, రొట్టె బల్లమీద పెట్టేశాడు.

వాడికి ఆ పూట రెండు సంగతులు ఒకేసారి చెప్పాల్సొచ్చింది. చిన్నక్క కథలు రాస్తుందని ఒకటి. ఆ కథ సర్ లాంబర్ట్ తల్లి ఒళ్లో ఉందని ఇంకొకటి. మొదటిదానికి నవ్వబోయాడు. రెండోదానికి కూర్చున్నాడు.

"అధ్యాయంలో ఏముంది? అంతా చెప్పు," అంది డోర్కస్.

హెస్టర్ కిటికీవైపు చూస్తూ చెప్పింది. "ఒక పెద్ద మేడ. అన్న పరదేశంలో జ్వరమొచ్చి పోయాడని తమ్ముడు చెప్పుకుంటాడు, అన్న కుర్చీలో కూర్చుంటాడు. అన్న పోలేదు. పై అంతస్తులో ఒక గదిలో ఉంటాడు."

"సర్ లాంబర్ట్ అన్న రోజర్ ఎక్కడ పోయాడు?"

"లిస్బన్‌లో. జ్వరంతో."

"నీ కథలో?"

"నేపుల్స్‌లో." హెస్టర్ ఇటు తిరిగింది. "అక్కా, ఒట్టు, నాకు సర్ లాంబర్ట్ తలపులోనే లేడు. నేను రాసింది టోబీ గురించి. మనల్నెవరూ పోల్చకూడదని మేడ పెట్టాను, దొరల్ని పెట్టాను, సముద్రం అవతలికి పంపాను."

దాచుకోవడానికి కప్పిన గుడ్డ ఎదుటివాడి చొక్కాలా కుదిరింది. ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. పోయేది ఇల్లు. మిగుల్చుకోగలిగేది ఏమన్నా ఉంటే, ఆ ముసలామె కళ్లద్దాలు పెట్టుకుని కాగితం తిప్పేలోపు మిగుల్చుకోవాలి. ఎవరు వెళ్లాలి? ఆంబ్రోస్ వెళితే అడక్కుండానే అంతా చెప్పేస్తాడు. హెస్టర్ నోరు మెదపకపోయినా ముఖం చెప్పేస్తుంది.

డోర్కస్ నల్లటోపీ అందుకుంది. "అమ్మ నాన్నగారి చేతిరాత కావాలని ఏడుస్తోందని చెబుతాను. అబద్ధమూ కాదు."

*

మిట్ట ఎక్కడానికి ఇరవై నిమిషాలు. ముసలి దొరసాని కిందిగదిలో కూర్చునుంటుంది, రెండు మాటలు గట్టిగా అరిచి కట్ట పుచ్చుకుని వచ్చేయొచ్చు అని డోర్కస్ లెక్క వేసుకుంది. బట్లర్ మాత్రం ఆమెను కిందిగది దాటించి, పుస్తకాల గదికి తీసుకెళ్లాడు.

సర్ లాంబర్ట్ లేచి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, పొడుగు, ఎప్పుడూ అప్పుడే గడ్డం గీసుకున్నట్టుండే ముఖం. "మిస్ పెన్నక్. కూర్చోండి. షెర్రీ? గింజల కేకు? మీ అమ్మగారెలా ఉన్నారు?"

"నాన్నగారి చేతిరాత కోసం కలవరిస్తున్నారండీ. దొరసానిగారు ఏమీ అనుకోకపోతే, ఆ ప్రసంగం..."

"మా అమ్మకి రెండు రోజులుగా కళ్లు మంట. నేనే చెవి దగ్గర చదివి వినిపిస్తున్నాను."

బల్లమీద కట్ట ఉంది. కాగితాలు అంచులు కలిసేలా సర్ది ఉన్నాయి. పైకి కనిపిస్తున్నది పెన్నక్ గారి పెద్దపెద్ద అక్షరాలు కావు.

"ముందువైపు ఆవిడకి వినిపించాను," అన్నాడాయన. "వెనకవైపు నేను చదువుకున్నాను. రెండుసార్లు."

డోర్కస్ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరి రాత ఇది?"

కొన్ని ప్రశ్నలకు జవాబు ఆలస్యమైతే దాని విలువ పోతుంది. "నాదండీ," అంది.

"మీరా." నవ్వాడు. "మీరు పన్నెండేళ్లుగా మా గుమాస్తాతో బొగ్గు దగ్గర బేరమాడుతున్నారు. మీరు కథలు రాస్తారంటే, మా పందులు పాటలు పాడతాయని కూడా నమ్మాలి." కలం సిరాలో ముంచి ముందుకు జరిపాడు. "ఒక్క వాక్యం రాయండి. మీ ఇష్టం వచ్చినది."

ఆమె కలం తీసుకుంది. పెన్నక్ పిల్లలందరికీ రాత నేర్పింది ఒకే తండ్రి, ఒకే పలకమీద, తప్పు రాస్తే వేళ్లమీద ఒకే బెత్తంతో. మొదటి అక్షరం మెలిక, చివర్న తోక, అన్నీ ఒకే అచ్చు. ఆమె రాసింది: *మా అమ్మకు ఈ కాగితాలు తిరిగి కావాలి.* సిరా ఆరడానికి ఇసక చల్లి ఇచ్చింది.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తేడా పట్టుకోలేకపోయాడు. డోర్కస్‌కి ఒక్క క్షణం గుండె కుదుటపడింది. హెస్టర్ బయటపడింది. ఇక మునిగితే తను మునగాలి. అది నష్టమే గాని, భరించగలిగిన నష్టం.

"అయితే మీరే చెప్పండి." ఆయన ఒక కాగితం తీసి, గొంతు ఏమాత్రం మారకుండా చదివాడు. "*సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ తలుపు కింది సందులోంచి ఒక చెయ్యి బయటకు వచ్చేది. నాలుగు వేళ్లు నేలను తట్టేవి. మూడుసార్లు, ఆగి, ఒకసారి. జవాబు వచ్చేదాకా తడుతూనే ఉండేవి.*" కాగితం దించాడు. "ఇది మీకెవరు చెప్పారు?"

ఆయన కోపంగా ఉన్నాడని ఆమె అనుకుంటూ వచ్చింది. కోపమైతే ఆమెకు మందు తెలుసు. తల వంచడం, క్షమాపణ, కాస్త కన్నీళ్లు. కానీ కాగితం పట్టుకున్న చేతి బొటనవేలు తెల్లబడి ఉంది. గొంతు మరీ నిదానంగా ఉంది. కోపమున్నవాడు మాట ఖర్చుపెడతాడు. ఈయన ఒక్కొక్క మాటా తూచి ఇస్తున్నాడు. దొర భయపడుతున్నాడు.

కట్టుకథకు భయపడేవాడు ఎవరుంటారు?

"ఎవరూ చెప్పలేదండీ."

"ఎమ్మా టాప్‌లిన్ చెప్పిందా? మా ఇంట్లో పనిచేసి మానేసింది. మీ వంటింటికి వస్తూ పోతూ ఉంటుంది."

"ఎమ్మా గుడ్లు అమ్మడానికి వస్తుందండీ. గుడ్ల గురించి తప్ప మాట్లాడదు."

"గుడ్లు అమ్మేవాళ్లు చాలా మాట్లాడతారు. ఆమెను రేపు పిలిపిస్తాను. నేను మేజిస్ట్రేటుని, మిస్ పెన్నక్. ముసలమ్మ ఒక రాత్రి లాకప్పులో కూర్చుంటే గుర్తుకురానివి కూడా గుర్తొస్తాయి."

ఎమ్మాకి డెబ్బై ఏళ్లు. డోర్కస్ ముందు ఇప్పుడు త్రాసు నిలబడింది. ఒక పళ్లెంలో ఎమ్మా, ఇల్లు, అమ్మ. రెండో పళ్లెంలో ముప్పై ఏళ్లుగా దాచిన ఒక్క పేరు. ఆ పేరు చెబితే ఆంబ్రోస్‌కి పిల్లనిచ్చేవాళ్లుండరు, రక్తంలోనే ఉందంటారు. చెప్పకపోతే ఈ దొర తనకు నచ్చినట్టు ఊహించుకుంటాడు. అదింకా ప్రమాదం.

"అది మా తమ్ముడండీ," అంది.

"ఆంబ్రోసా?"

"టోబయస్. మా రెండోవాడు. మూర్ఛలు. హాబ్లీలో ఒక రైతు ఇంట్లో ఉంటాడు. జ్వరమొచ్చినప్పుడు తలుపేస్తే కింది సందులోంచి చెయ్యి పెట్టి అలాగే తడతాడు. చిన్నప్పుడు నేను అవతల్నుంచి తిరిగి తట్టేదాన్ని. మూడు, ఆగి, ఒకటి. అది మా ఇద్దరి ఆట. మీ ఇంటి సంగతి మాకేం తెలుసు? మా ఇంటి సిగ్గు దాచుకోవడానికి మేడ గోడలు కట్టాను, అంతే."

ఆయన ఆమె ముఖంమీదనుంచి చూపు తీయలేదు.

"వెండల్ అంతా అతను పోయాడనుకుంటోంది."

"మేము ఎవరికీ అలా చెప్పలేదండీ."

"చెప్పక్కర్లేదు," అన్నాడు సర్ లాంబర్ట్ మెల్లగా. "అదెలా జరుగుతుందో నాకు తెలుసు."

ఆ మాట ఆయన నోరు జారి వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు.

ఆయన లేచి కట్టను సొరుగులో పెట్టి తాళం వేశాడు. "న్యాయమైన మాట చెబుతాను. మీకు బేరం తెలుసు, అర్థం చేసుకుంటారు. గురువారం పది గంటలకు నా బండి మీ గుమ్మానికి వస్తుంది. మీరూ నేనూ హాబ్లీ వెళదాం. ఆ మనిషిని నేను చూడాలి. చెయ్యి నేలమీద పెట్టి తట్టాలి. తడితే ఈ కాగితాలు మీ కళ్లముందే నిప్పులో వేస్తాను, మీ ఆంబ్రోస్ శనివారంకల్లా వెండల్ పాదిరి. ఎవరి అన్నదమ్ముల గురించీ ఎవరూ మాట్లాడరు."

"తట్టకపోతే?"

"లేని తమ్ముణ్ణి అడ్డం పెట్టుకుని నా ఇంటి గుట్టు రాశారని అర్థం." తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు. "గురువారం, మిస్ పెన్నక్. దారిలో జారుతుంది, చూసి నడవండి."

*

దిగేటప్పుడు వాన మొదలైంది. డోర్కస్ గొడుగు విప్పడం కూడా మరిచిపోయింది. మేడ పై అంతస్తు కిటికీలవైపు ఒక్కసారి తల తిప్పాలనిపించింది. తిప్పలేదు. అక్కడేమన్నా కనిపిస్తే దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు.

లెక్క ప్రకారం చూస్తే బేరం తమవైపే ఉంది. టోబీ ఉన్నాడు. తడతాడు. తను తడితే ఎప్పుడైనా జవాబిస్తాడు. నాన్నగారు మంచంపట్టిన దగ్గర్నుంచి, అంటే ఆర్నెల్లుగా, తను వెళ్లలేకపోయిన మాట నిజమే. ఆంబ్రోస్ వెళ్లి చూసొస్తూనే ఉన్నాడు. ఉన్న సరుకు చూపించి పుచ్చుకోవాల్సింది పుచ్చుకోవడమే.

ఇంట్లో అమ్మ పైన నిద్రపోతోంది. వంటింట్లో ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. హెస్టర్ అక్క తడిటోపీ తీసి పొయ్యిదగ్గర పెట్టింది. డోర్కస్ జరిగింది జరిగినట్టు చెప్పింది, దొర నోరు జారిన మాట ఒక్కటి తప్ప.

"నా రాతని నీదని చెప్పావా?" అంది హెస్టర్. ఆమె కళ్లు నిండాయి. "రేపు నవ్వితే నిన్ను నవ్వుతారు."

"నవ్వనీ. నాకు పెళ్లిసంబంధాలు చెడిపోతాయా ఏమిటి?" డోర్కస్ కుర్చీలో కూలబడింది. "గురువారం టోబీకి మంచి కోటు ఒకటి పట్టుకెళ్లాలి. నాన్నగారి గోధుమరంగుది సరిపోతుంది. ఆంబ్రోస్, జడ్‌కి ఇవాళే కబురు పెట్టు. ముందుగా చెప్పకుండా బండి వెళ్లి ఆగితే వాడు బెదిరిపోతాడు."

ఆంబ్రోస్ కదల్లేదు. పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. మంటవైపే చూస్తున్నాడు.

"వినపడిందా?"

"కబురు వద్దక్కా."

"ఎందుకు వద్దు?"

"టోబీ అక్కడ లేడు."

హెస్టర్ చేతిలోని కెటిల్ మెల్లగా కిందికి దిగింది.

"ఎప్పట్నుంచి?" అంది డోర్కస్.

"మార్చి నుంచి. జడ్ భార్య ఇక చూడలేనంది. నాన్నగారు ఆ స్థితిలో ఉన్నారు. మీకు చెబితే ఇంటికి తెచ్చేద్దామంటారు. ఇంటికి తెస్తే నాకు చర్చి ఎవరిస్తారు?" వాడు పెదాలు తడుపుకున్నాడు. "సంతలో ఒకాయన కలిశాడు. మర్యాదస్తుడు. మంచి చోటుంది, బాగా చూసుకుంటారన్నాడు. మర్నాడే మూత బండి తెచ్చి తీసుకెళ్లాడు."

"ఎక్కడికి?"

"అడగలేదు."

"ఎంత పుచ్చుకున్నాడు?"

"ఏమీ పుచ్చుకోలేదక్కా. ఒక్క పెన్నీ కూడా."

డోర్కస్ ఇరవై ఐదేళ్లు ఇల్లు నడిపింది. పాలవాడి దగ్గర్నుంచి పాదిరి పైఅధికారి దాకా అందరితో బేరమాడింది. ఎదురు ఏమీ అడక్కుండా ఒకరి బరువు మోసుకెళ్లిన మనిషి ఆమెకు ఇంతవరకు తగల్లేదు. అంటే ఆ బరువుకు ధర ఎవరో అప్పటికే కట్టారు.

"అసలేమీ అడగలేదా?" అంది. "బాగా గుర్తు చేసుకో."

ఆంబ్రోస్ మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు.

"రెండే అడిగాడు. వయసు నలభై దగ్గరేనా అని. ఎవరైనా అడిగితే తన పేరు తను చెప్పుకోగలడా అని."

"నువ్వేం చెప్పావు?"

"చెప్పుకోలేడన్నాను," అన్నాడు ఆంబ్రోస్. "అయితే సరిపోతాడన్నాడు."